లెక్కకు రాని పేరు

మా పాఠశాల గ్రంథాలయపు గది మూలను పాత కంప్యూటరు ఒకటి కలదు. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మా పూర్వవిద్యార్థి యొకడు 2015లో దానిని తెచ్చి యిచ్చి, అందు పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసును అమర్చి, విద్యార్థుల హాజరును దానిలో వ్రాసి యుంచు విధమును నేర్పిపోయెను. పైవారికి పంపవలసిన లెక్కలు వేరు. ఇది మా సౌకర్యమునకై మేము పెట్టుకొన్న ఏర్పాటు. హోసూరు ప్రాంతముననే పుట్టి, పొరుగు రాష్ట్రమున తిరుపతిలో పండిత శిక్షణ పొంది, తిరిగి ఇక్కడనే తెలుగు చెప్పుటకు వచ్చిన మాకు ఇట్టి యంత్రముతో పొత్తు కుదురునని ఎవ్వరును తలపలేదు. కుదిరినది. ఆ పొత్తులో మేము చేసిన తప్పు నొకదానిని గూర్చి ఈ సంచికలో వ్రాయుచున్నాము.

ముందుగా ఆ పట్టికల సంగతి చెప్పవలెను. ఒక పట్టికలో విద్యార్థుల పేర్లు, తరగతులు ఉండును. రెండవ పట్టిక హాజరుది. బడికి వచ్చిన ప్రతి విద్యార్థికి ఆ దినమున ఒక వరుస చేరును: వాని సంఖ్య, తేది, అంతే. రానివానికి ఏమియు వ్రాయము. దినమునకు రెండు వందల పైచిలుకు వరుసలు చేరుచు, 2022 నాటికి ఆ పట్టిక సుమారు 2,60,000 వరుసలు గలదైనది. మాసాంతమున మేము దాని నడుగు ప్రశ్న యొకటి కలదు: ‘ఈ నెలలో పది దినములకంటె తక్కువ వచ్చిన విద్యార్థు లెవరు?’ తెలుగు మాధ్యమమున చేరువారి సంఖ్య ఏటేట తగ్గుచున్న చోట ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో మా పాఠకులకు వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ పేర్లు పట్టుకొని మేము ఇండ్లకు పోవుదుము.

డేటాబేసు నడుగు భాషకు ఎస్‌క్యూఎల్ అని పేరు. ఈ భాషయందు ఏమి కావలెనో చెప్పుదుమే గాని, దాని నెట్లు వెదకవలెనో చెప్పము. పట్టికల సిద్ధాంతమును 1970లో కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించినపుడే ఈ విభజనకు బీజము పడినది. ఎట్లు వెదకవలె నన్నది డేటాబేసులోని ప్లానరు అను భాగము నిర్ణయించును. పద్యమునకు మనము అన్వయక్రమము వ్రాయుదుము గదా! కవి పదములను ఛందస్సునకు తగినట్లు పేర్చును. మనము వానిని అర్థము తెలియునట్లు పేర్చుకొందుము. ప్లానరు చేయునదియు అట్టిదే. అడిగినవాడు తనకు తోచిన క్రమమున వ్రాయును. ప్లానరు దానిని సమాధానము త్వరగా వచ్చు క్రమమునకు మార్చుకొనును. రెండు చోట్లను నియమ మొక్కటే: తాత్పర్యము మారరాదు. అన్వయము వ్రాయుచు ‘కాదు’ అను మాటను జారవిడిచిన విద్యార్థికి మేము మార్కు లీయము.

ఒక ప్రశ్న కడుపులో మరియొక ప్రశ్న యున్నచో దానిని ఉపప్రశ్న యనవచ్చును. ఇందు రెండు జాతులు కలవు. ‘పాఠశాల సగటుకంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవా రెవరు?’ అన్నచో, పాఠశాల సగటు ఎంత యనునది లోపలి ప్రశ్న. దానిని ఒక్కసారి కట్టి, వచ్చిన అంకెతో అందరిని పోల్చవచ్చును. ‘తన తరగతి సగటుకంటె ఎక్కువ తెచ్చుకొన్నవా రెవరు?’ అన్నచో సంగతి మారును. ‘తన’ అను ఆ రెండక్షరములు లోపలి ప్రశ్నను వెలుపలి ప్రశ్నకు ముడివేయుచున్నవి. వెలుపల విద్యార్థి మారినకొలది లోపలి ప్రశ్నకు అర్థము మారును. మా నెలసరి ప్రశ్నయు ఈ రెండవ జాతిదే. ఒక్కొక్క విద్యార్థిని తీసికొని, ‘తన హాజరు వరుసలు ఈ నెలలో ఎన్ని?’ అని లెక్కించి, పదికి తక్కువైనచో పేరు వ్రాయుమని దాని భావము.

దీనిని ఉన్నదున్నట్లు జరిపించినచో ఏమగును? ఆనాటి విద్యార్థులు 214 మంది. ఒక్కొక్కరికై 2,60,000 వరుసలను మొదటినుండి చివరివరకు చదువవలెను. మొత్తము 5,56,40,000 వరుసలు. మా పాత యంత్రమునకు ముప్పావు నిమిషము పట్టుచుండెను. ఒక నెలకైనచో ఓర్చుకొనవచ్చును. వార్షిక పట్టికకై పది నెలలకు పదిసార్లు అడుగుచుండగా కరెంటు పోయి పని మొదటికి వచ్చిన దినములును కలవు.

ప్లానరు మనస్సులో ఏమున్నదో చూచుటకు ఎక్స్‌ప్లెయిన్ అను మాట కలదు. ప్రశ్నకు ముందు దానిని చేర్చినచో, ప్లానరు తాను వేసికొన్న పథకమును చూపును. ఎనలైజ్ అను మాటను గూడ చేర్చినచో, ప్రశ్నను నిజముగా నడిపి, ఏ మెట్టు ఎన్ని పర్యాయములు జరిగినదో చెప్పును. మా పథకమున సబ్‌ప్లాన్ అను మెట్టుకడ లూప్స్ 214 అని యుండెను. అనగా హాజరు పట్టికను 214 పర్యాయములు ఆమూలాగ్రముగ చదివినదన్నమాట. చూచి మాకు నవ్వు వచ్చెను. కొంచెము కోపమును వచ్చెను. మధ్యాహ్న భోజనమునకు ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్కసారి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టు వంటమనిషిని ఏమనవలెను?

కావున మేమే అన్వయము మార్చితిమి. హాజరు పట్టికను ఒక్కసారి చదివి, ఆ నెల వరుసలను విద్యార్థివారీగ గుంపులు కట్టి, ఒక్కొక్క గుంపును లెక్కించి, చిన్న పట్టిక నొకదానిని చేసికొంటిమి. పిమ్మట ఆ చిన్న పట్టికను విద్యార్థుల పట్టికతో జతపరచి, పదికి తక్కువైనవారిని ఏరితిమి. లోపల నుండిన ప్రశ్న వెలుపలికి వచ్చి, వెలుపలి ప్రశ్న ప్రక్కన సమానముగ నిలిచినది. దీనినే ఉపప్రశ్నను విప్పుట యందురు. సమాధానము అర సెకనులో వచ్చెను. మేమెంత పొంగిపోయితిమో ఇప్పుడు చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ సాయంకాలము సహోపాధ్యాయులను పిలిచి, మరియొకసారి నడిపి చూపితిమి. గణితము చెప్పువారు “పద్యాలు చెప్పేవారికి ఇంత లెక్క ఎట్లా వచ్చె?” అని మెచ్చుకొనిరి. పాత ప్రశ్నను ఆ దినముననే తుడిచివేసితిమి.

అది 2022 జూలై. కరోనా వలన 2020లోను 2021లోను చాలకాలము మూతపడిన బడులు తెరచుకొని, పిల్లలను మరల బడి దారికి తెచ్చుకొనుచున్న కాలము. జూనులో బడి సగము నెలయే జరిగినందున ఆ నెలకు మా ప్రశ్న అడుగలేదు. జూలై చివర మా క్రొత్త ప్రశ్న తొమ్మిది పేర్లు ఇచ్చెను. తొమ్మిది ఇండ్లకును పోయితిమి. ఆగస్టులో ఏడు పేర్లు వచ్చెను; ఆ ఇండ్లకును పోయితిమి. ఒకరిద్దరు తప్ప అందరును తిరిగి వచ్చిరి.

సెప్టెంబరులో ఒక దినము మధ్యాహ్న భోజనవేళ ఆరవ తరగతి బాలుడొకడు చేయి కడిగికొని మా యొద్దకు వచ్చి నిలిచెను.

“అయ్యవారూ, అందరిండ్లకూ పోయొచ్చినారంట. మా ఇంటికి రాలేదేమి?”

“నువ్వు దినమూ వస్తున్నావు గదా నాయనా, మీ ఇంటికెందుకు?”

“నాకోసరం కాదయ్యవారూ. మా అక్క రాలేదు గదా.”

వాని అక్క తొమ్మిదవ తరగతి. బడి తెరచినప్పటినుండి ఒక్క దినమును రాలేదు. ఆ తరగతికి ఉపాధ్యాయస్థానము ఆ నెలలలో ఖాళీగ నుండెను. మేమందరము వంతులవారీగ ఆ తరగతికి పోవుచు, రానివారి పేర్లు యంత్రమే చెప్పునని నిశ్చింతగ నుంటిమి. పాత కాగితపు రిజిస్టరులో బడికి రాని పిల్లకును ఒక వరుస యుండును. గళ్ళన్నియు ఖాళీయైనను ఆ ఖాళీ కంటికి కనబడును. మా యంత్రమున రానిపిల్లకు గళ్ళే లేవు.

ఆ సాయంకాలము కంప్యూటరు ముందు కూర్చుంటిమి. విద్యార్థుల పట్టికలో ఆమె పేరున్నది. హాజరు పట్టికలో జూలైకి ఆమె వరుస యొక్కటియు లేదు. గుంపులు కట్టునపుడు ఉన్న వరుసలకే గుంపు ఏర్పడును. వరుసలు లేనివారికి గుంపు లేదు; గుంపు లేనివారికి సున్న యను లెక్కయు లేదు. చిన్న పట్టికలో ఆమె లేదు గనుక, జతపరచునపుడు జోడి దొరకక ఆమె పేరు జారిపోయెను. తుడిచివేసిన పాత ప్రశ్నను జ్ఞాపకము చేసికొని మరల వ్రాసి, జూలై నెలకు నడిపితిమి. ముప్పావు నిమిషము పట్టెను. పది పేర్లు వచ్చెను. పదవ పేరు ఆమెది.

మేము నవ్విన ఆ మొద్దు పథకము ఆమెను విడువలేదు. విద్యార్థుల పట్టికనుండి ఒక్కొక్కరిని చేయిపట్టుకొని తీసి లెక్కించునది గావున, వరుసలు లేనిచోట లెక్క సున్న యని చెప్పును. సున్న పదికి తక్కువే గదా!

సరిదిద్దుటకు పూనుకొని మరల తప్పితిమి. ఒక పట్టికలోని వరుసకు రెండవ పట్టికలో జోడి దొరకకున్నను దానిని విడువక నిలుపు జతపరచు విధమొకటి కలదు. అవుటర్ జాయిన్ అని దానికి పేరు. దానిని వాడితిమి. ఐనను ఆమె పేరు రాలేదు! ఏలయన, జోడి దొరకనిచోట డేటాబేసు సున్న వ్రాయదు. నల్ అను గుర్తు వ్రాయును. నల్ అనగా విలువ తెలియదని అర్థము. ‘తెలియనిది పదికి తక్కువయా?’ అని అడిగినచో డేటాబేసు అవుననదు, కాదనదు. అవునన్న వరుసలనే అది తీసికొనును గనుక ఆమె పేరు రెండవసారియు జారెను. నల్ వచ్చినచోట సున్నగ తీసికొమ్మని కోలెస్ అను మాటతో చెప్పిన తరువాత గాని పది పేర్లు రాలేదు. అప్పటికి రాత్రి ఎనిమిది గంటలు దాటినది. కావలివాడు తాళము చేత బట్టుకొని రెండుసార్లు తొంగిచూచి పోయెను.

మరునాడు బాగలూరు దారిలోని గులాబీ తోటకు పోయితిమి. ఆ బాలిక తల్లితో కూడ పూలు కోయుచుండెను. బడి మానుటకు గల కారణములు ఆ కుటుంబమునవి, ఇచట వ్రాయము. తల్లి మమ్ము చూచి, “ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా సామీ?” అనెను. సున్న వేరు నల్ వేరు అని ఆ తల్లికి చెప్పుటకు మాకు నోరు రాలేదు. దసరా సెలవుల తరువాత బాలిక బడికి వచ్చెను. నాలుగు నెలల పాఠములు పోయినవి. సాయంకాలములందు కూర్చుండబెట్టి మేమందరము తలకొక పాఠముగ పూరించితిమి. కొన్ని పూరినవి, కొన్ని పూరలేదు.

ఆ దసరాకు మా పూర్వవిద్యార్థి ఊరికి వచ్చినపుడు ఈ సంగతి యంతయు చెప్పితిమి. నవ్వునేమో యనుకొంటిమి, నవ్వలేదు.

“అయ్యవారూ, ఈ తప్పుకు పేరే ఉంది. కౌంట్ బగ్ అంటారు. మీకంటే ముందే పెద్దపెద్దవాళ్ళు చేసినారు” అనెను.

అతడు చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాయుచున్నాము. ప్లానరును గూర్చిన తొలి ప్రసిద్ధ పత్రము 1979లో ఐబీఎం సంస్థలో సిస్టమ్ ఆర్ అను డేటాబేసును నిర్మించిన సెలింగర్, ఆమె సహచరులు ప్రకటించినది. ‘తన’ గల ఉపప్రశ్నను వెలుపలి వరుస మారినప్పుడెల్ల మరల నడుపవలసియుండునని వారు గుర్తించిరి. వెలుపలి వరుసలు ఆ ‘తన’ విలువ క్రమమున వచ్చుచున్నచో, ముందటి వరుస విలువయే మరల వచ్చినపుడు పాత సమాధానమును వాడుకొనవచ్చునని ఒక ఉపాయమును చెప్పిరి. మంచి ఉపాయమే, కాని ఒక్కొక్క విద్యార్థి సంఖ్య ఒక్కొక్కటియైన మావంటివారికి దానివలన లాభము లేదు. 1982లో వోన్ కిమ్ అను పండితుడు ఉపప్రశ్నలను జాతులుగ విభజించి, వానిని విప్పి జతపరచు పద్ధతులను ప్రకటించెను. లెక్కించు ఉపప్రశ్నకు అతడు చూపిన పద్ధతి ముందు గుంపులు కట్టి పిమ్మట జతపరచుట. మేము చేసినది సరిగ్గ అదే! 1984లో కీస్లింగ్ అను నాతడు, ఆ పద్ధతిలో లెక్క సున్నయైన వరుసలు మాయమగునని చూపెను. అవుటర్ జాయినుతో దానిని సరిదిద్దు మార్గమును 1987లో గాన్‌స్కీ, వాంగ్ అనువారు ప్రకటించిరి. అచ్చైన శాస్త్రపత్రములలోనే ఒక సున్నను తిరిగి తెచ్చుటకు అయిదు సంవత్సరములు పట్టినది. మాకు రెండు నెలలు పట్టినది. ఇది విని కొంత ఊరట కలిగినమాట నిజము. కాని శాస్త్రపత్రములో మాయమైనది గిడ్డంగిలోని వస్తువు సంఖ్య. మా యొద్ద మాయమైనది పిల్ల.

తరువాత మా పూర్వవిద్యార్థి మా పాత ప్రశ్నను, క్రొత్త ప్రశ్నను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, “అసలు విప్పే పనేముంది అయ్యవారూ? ఇండెక్సు పెట్టకపోవడం నా తప్పు. అప్పుడు వరుసలు వందల్లో ఉండె, అవసరమనుకోలేదు” అనెను. ఇండెక్సు అనగా పుస్తకము చివర నుండు పదసూచిక వంటిది. విద్యార్థి సంఖ్య, తేది కలిపి దాని నొకటి చేసెను. పాత ప్రశ్ననే మరల నడిపితిమి. పథకమున లూప్స్ 214 అనియే యున్నది. కాని ఒక్కొక్క లూపులో చదువునది 2,60,000 వరుసలు కాదు. ఆ విద్యార్థి ఆ నెల వచ్చిన పాతికకు లోపు వరుసలు మాత్రమే. అంతయు కూడినను అయిదువేలకు కొంచె మెక్కువ. సమాధానము రెప్పపాటున వచ్చెను. మేము గర్వముతో విప్పి వ్రాసిన ప్రశ్న హాజరు పట్టికను ఒక్కసారియే చదువును, నిజమే; కాని ఆ ఒక్కసారియే 2,60,000 వరుసలు. పొయ్యి 214 సార్లు వెలిగించుట ఎల్లప్పుడును తెలివితక్కువ కాదన్నమాట.

ఇచటనే ఈ విద్య కఠినమైనదని మాకు తోచుచున్నది. విప్పినచో తాత్పర్యము మారదని రుజువు కావలెను. అది యొక భారము. తాత్పర్యము మారకున్నను, విప్పుట మేలా విప్పకుండుట మేలా యని వరుసల సంఖ్యను, ఇండెక్సులను చూచి ఖర్చు అంచనా వేయవలెను. అది రెండవ భారము. 2001లో మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన గలిండో-లెగారియా, జోషి అనువారు ఉపప్రశ్నను, అవుటర్ జాయినును, గుంపు కట్టుటను వేరువేరు చిన్న సూత్రములుగ చేసి, వానిని ఎట్లు కూర్చవలెనో ఖర్చును బట్టి ప్లానరే యెంచుకొనునట్లు చూపిరి. సంధిసూత్రములు నేర్చినవారికి ఈ పద్ధతి నచ్చును; పెద్ద మార్పు నొకదానిని కంఠస్థము చేయుటకంటె, చిన్న సూత్రములు కలిసి దానిని పుట్టించుట మేలు. 2015లో మ్యూనిక్ నగరపు సాంకేతిక విశ్వవిద్యాలయమునుండి నాయ్‌మన్, కెంపర్ అనువారు ఎట్టి ఉపప్రశ్ననైనను విప్పు విధమును ప్రకటించిరి. వెలుపలనుండి ‘తన’కు రాగల వేరువేరు విలువలనన్నిటిని ముందుగ ఒక పట్టికగ చేర్చుకొని, లోపలి ప్రశ్నను వానియన్నిటికిని ఒకేమారు నడిపి, పిమ్మట వెలుపలి వరుసలతో కలుపుట దాని కీలకము. ‘తన’నే ఒక పట్టికగ మార్చుట! వ్యాకరణమున ఇట్టి ఉపాయము మాకు తోచలేదు.

పుస్తకమున నున్నది వాడుకలోనికి వచ్చుటకు కాలము పట్టును. ఎంతో ప్రచారము గల మై ఎస్‌క్యూఎల్ అను డేటాబేసు, 2013లో 5.6వ కూర్పు వచ్చువరకు, ‘ఈ పట్టికలో ఉన్నవారు’ అను రకపు ఉపప్రశ్నను, అందు ‘తన’ లేకున్నను, తానే చేర్చి, వెలుపలి వరుస కొకసారి చొప్పున నడుపుచుండెను. ఆ కాలమున దానిని వాడువారు మావలెనే ప్రశ్నలను చేతితో విప్పి వ్రాసికొనెడివారట. వారిలో ఎందరు సున్నలను పోగొట్టుకొనిరో! మేము వాడు పోస్ట్‌గ్రెస్ ఆ రకపు వానిని చాలకాలమునుండియు బాగుగనే విప్పుచుండినను, వానిలో ‘తన’ ఉన్నచో విడిచిపెట్టుచుండెను. 2024లో వచ్చిన 17వ కూర్పున అట్టివానిని గూడ విప్పి జతపరచుట చేర్చిరి. లెక్కించు ఉపప్రశ్నను మాత్రము ఈ డేటాబేసు తనంతట తాను విప్పదు. మొదట దీనిని లోపమని మేము తిట్టితిమి. ఇప్పుడంత తొందరగ తిట్టము.

ఆ బాలిక 2024లో పదవ తరగతి ముగించినది. తమ్ముడు ఇప్పుడు తొమ్మిదవ తరగతి. ప్రతి ఉదయము హాజరును యంత్రమున చేర్చు వంతు వానిది. నెలసరి ప్రశ్నను మేము రెండు విధములుగను వ్రాసి యుంచితిమి, విప్పినదొకటి, విప్పనిదొకటి. ఒకదానిలో ఉండి రెండవదానిలో లేని పేరు ఏదైన నున్నచో చూపుమని మూడవ ప్రశ్న యొకటి కలదు. అది ఇంతవరకు ఖాళీ పట్టికనే ఇచ్చుచున్నది. సున్నలు మొదట వచ్చునట్లు పేర్ల క్రమమును మార్చితిమి.

గత నెల పట్టికలో సున్నతో రెండు పేర్లు వచ్చినవి. ఒకరు బదిలీపత్రము తీసికొని కర్ణాటకమునకు పోయినవారు. పేరు తొలగించుట మేము మరచితిమి. రెండవవారి ఇంటికి ఈ శనివారము పోవలసి యున్నది. బస్సు రెండున్నర గంటలకు.